ఆపే మీట, నేర్పే మీట

గుండె జబ్బుల ఐసీయూలో నర్సులు కూర్చునే చోట ఒక పెద్ద తెర ఉంటుంది. దాన్ని సెంట్రల్ మానిటర్ అంటారు. వార్డులో పడుకున్న ఎనిమిది మందివో పదహారు మందివో గుండె గీతలు దాని మీద వరుసకట్టి నడుస్తుంటాయి. బయటినుంచి వచ్చినవాళ్ల చూపు ఆ గీతల దగ్గరే ఆగిపోతుంది. ముందున్న కీబోర్డు ఆఫీసుల్లో చూసేదానిలాగే ఉంటుంది కాబట్టి ఎవరూ పట్టించుకోరు. దగ్గరికెళ్లి చూస్తే తేడా తెలుస్తుంది. కొన్ని కంపెనీల కీబోర్డుల్లో అక్షరాల మీటలకు పైనో పక్కనో ఇంకో గుంపు ఉంటుంది. వాటి మీద అక్షరాలకు బదులు మాటలుంటాయి. ఇంగ్లిషులో అచ్చయిన ఆ మాటల్ని తెలుగులో చెప్పుకుంటే ఇలా ఉంటాయి: అలారం ఆపు, రోగిని చేర్చు, స్ట్రిప్ తీయి, తెర నిలుపు, మొదటి తెరకు వెళ్లు. మరికొన్ని కంపెనీలు ఇవే మీటల్ని కీబోర్డు మీద కాకుండా తెర అంచున పెడతాయి. ఎక్కడ పెట్టినా వాటి వెనకున్న ఆలోచన ఒకటే.

ఒక మీటకు ఒకే పని అప్పగించారంటే, ఆ పని చేయాల్సిన క్షణంలో మనిషికి వెతుక్కునే తీరిక ఉండదని తయారీదారు ముందే తేల్చుకున్నాడన్న మాట. ఇంకో పనిని తెర లోపల మూడు నాలుగు మెట్ల కింద దాచారంటే, అది చేసేముందు మనిషి ఒకసారి ఆగి చూడాలని అనుకున్నాడన్న మాట. ఈ లెక్క ఎక్కడ కుదిరింది, ఎక్కడ తప్పింది అన్నదే గుండె కాపలా చేసే కీబోర్డుల కథ.

నాలుగు నిమిషాల గడువు

గుండె హఠాత్తుగా ఆగిపోతే మెదడు నాలుగైదు నిమిషాలకు మించి తట్టుకోలేదు. 1960ల మొదట్లో వైద్యుల చేతికి ఆ గుండెను మళ్లీ కొట్టించే సాధనాలు ఒక్కొక్కటే వచ్చాయి. ఛాతీ తెరవకుండా పైనుంచి నొక్కుతూ రక్తం ఆడించవచ్చని అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్‌లో కౌవెన్‌హోవెన్, జ్యూడ్, నికర్‌బాకర్ 1960లో ప్రకటించారు. డైరెక్ట్ కరెంటుతో షాక్ ఇచ్చే డీఫిబ్రిలేటర్‌ను బెర్నార్డ్ లౌన్ 1962లో వాడకంలోకి తెచ్చాడు. సాధనాలున్నాయి గానీ, గుండె ఆగిన సంగతి ఎవరికైనా తెలిసేసరికే గడువు దాటిపోయేది. గుండెపోటు వచ్చినవాళ్లు ఆసుపత్రిలో తలో వార్డులో పడి ఉండేవారు.

ఎడిన్‌బరోలో పనిచేస్తున్న యువ వైద్యుడు డెస్మండ్ జూలియన్ 1961లో లాన్సెట్ పత్రికలో ఒక సూచన చేశాడు. ఇలాంటి రోగులందర్నీ ఒకేచోట చేర్చాలి, వాళ్ల ఈసీజీని ఆపకుండా గమనించాలి, తేడా వస్తే మోగే అలారం పెట్టాలి, శిక్షణ పొందిన మనుషుల్ని రాత్రింబగళ్లు దగ్గర ఉంచాలి అన్నాడు. మరుసటి ఏడాదే అమెరికాలోని కాన్సస్ సిటీలో హ్యూస్ డే అలాంటి వార్డు తెరిచాడు. ఫిలడెల్ఫియాలో లారెన్స్ మెల్ట్‌జర్ ఇంకో అడుగు ముందుకేసి, ఈసీజీ చదవడం, అవసరమైతే షాక్ ఇవ్వడం నర్సులకే నేర్పాడు. డాక్టరు పరుగెత్తుకొచ్చేదాకా ఆగితే ఆ వార్డుకు అర్థమే లేదని అతని వాదన. ఇలాంటి వార్డులు పెరిగాక గుండెపోటుతో చేరినవాళ్లలో ఆసుపత్రి మరణాలు 30 శాతం దరిదాపుల నుంచి 15 శాతం చుట్టుపక్కలకు దిగాయి.

కీబోర్డు కథకు ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటుంది. కనిపెట్టేదీ తేల్చేదీ చేసేదీ నర్సే అయింది. కాబట్టి యంత్రం మీది ప్రతి బటనూ ఆమె చేతికి, ఆమె కంగారుకు, రాత్రి మూడు గంటలప్పటి ఆమె అలసటకు తగినట్టు ఉండాలి. తొలి మానిటర్లకు గుండ్రటి తెర, కొన్ని తిప్పుడు బటన్లు తప్ప ఏమీ ఉండేవి కావు. కంప్యూటర్లు వచ్చాక కీబోర్డు వచ్చింది. వీటిని తయారుచేసిన కంపెనీల్లో రెండిటి సంగతి చూద్దాం. 1965లో అమెరికాలోని మిల్వాకీలో మైకేల్ కడాహీ, వారెన్ కోజెన్స్ కలిసి మార్క్వెట్ ఎలక్ట్రానిక్స్ పెట్టారు. ఆసుపత్రి ఈసీజీలన్నిటినీ ఒకచోట చేర్చే వ్యవస్థతో పేరు తెచ్చుకున్న ఆ కంపెనీని 1998లో జీఈ కొనేసింది. హ్యూలెట్ ప్యాకార్డ్ 1961లో ఈసీజీ యంత్రాలు చేసే శాన్‌బార్న్ కంపెనీని కొని ఈ రంగంలోకి దిగింది. ఆ వైద్య పరికరాల విభాగం చేతులు మారి 2001లో ఫిలిప్స్‌కు చేరింది.

ఈ కంపెనీలు తేల్చుకోవలసి వచ్చిన మొదటి సంగతి మీటల్లో రకాలు. పని మారని మీటలు కొన్ని. వాటిని హార్డ్ కీలంటారు. తెర మీద ఏ పేజీ ఉంటే దాన్నిబట్టి పని మారే మీటలు కొన్ని. అవి సాఫ్ట్ కీలు. హార్డ్ కీని చూడకుండా కూడా నొక్కవచ్చు, చెయ్యే దారి వెతుక్కుంటుంది. కానీ చోటు పరిమితం. సాఫ్ట్ కీకి చోటు సమస్య లేదు. కానీ ముందు తెర చదవాలి, చదవడానికి క్షణం కావాలి.

మీట కింద ఏముంది

మీట నొక్కినప్పుడు జరిగేది చాలా చిన్న పని: రెండు లోహపు అంచులు కలుస్తాయి. వంద మీటలకు వంద తీగలు లాగరు. పది అడ్డవరుసలు, పది నిలువు వరుసలు పరిస్తే ఇరవై తీగలతో సరిపోతుంది. కీబోర్డులోని చిన్న చిప్ ఒక్కో వరుసను సెకనుకు ఎన్నోసార్లు తడుముతూ, ఏ అడ్డం ఏ నిలువుతో కలిసిందో చూసి ఫలానా మీట అని తేల్చుకుంటుంది. లోహపు అంచులు ఒక్కసారికే కుదురుగా కలవవు. కొన్ని మిల్లీసెకన్ల పాటు అదురుతూ కలుస్తూ విడిపోతూ ఉంటాయి. ఒక్క నొక్కుడును పది నొక్కుళ్లుగా లెక్కపెట్టకుండా చిప్ కాసేపు ఆగుతుంది. ఆ ఆగడం మామూలుగా 5 నుంచి 20 మిల్లీసెకన్లు.

మనిషి లెక్క దీనికి ఎన్నో రెట్లు పెద్దది. తెర మీద ఎర్రదీపం చూసి వేలు కదపడానికే సెకనులో నాలుగోవంతు దాకా పడుతుంది. ఆ తర్వాత మీట దగ్గరికి చెయ్యి వెళ్లాలి. 1954లో పాల్ ఫిట్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీనికో సూత్రం కట్టాడు. గురి ఎంత దూరముంటే అంత ఆలస్యం, ఎంత పెద్దదైతే అంత తొందర. ఆలస్యం పెరిగేది దూరానికీ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి లాగరిథమ్‌ను బట్టి. అలారం ఆపే బటన్ చాలా మానిటర్ల మీద మిగతావాటికంటే పెద్దగా, అంచున, రంగు వేసి ఉండటానికి ఈ సూత్రంతో పని ఉంది. కీబోర్డు వేగాన్ని నిర్ణయించేది విద్యుత్తు కాదు, చోటు.

ఆపే మీట

ఆ అంచున ఉన్న పెద్ద మీటే వార్డులో అన్నిటికంటే ఎక్కువ దెబ్బలు తింటుంది.

అలారాలు ఎలా మోగాలన్నదానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ప్రాణం మీదికొచ్చే ప్రమాదానికి ఎర్రదీపం సెకనుకు 1.4 నుంచి 2.8 సార్లు మినుకుమనాలి, విడతకు పది మోతలు మోగాలి. మధ్యరకానికి పసుపు దీపం, మూడు మోతలు. చిన్నవాటికి మినుకు లేని దీపం, ఒకటో రెండో మోతలు. గుండె పూర్తిగా ఆగితే 10 సెకన్లలోపు అలారం మోగి తీరాలని అమెరికా ప్రమాణం పట్టుబట్టింది. ఆపడానికీ రకాలున్నాయి. చప్పుడు కాసేపు నిలపడం ఒకటి, శాశ్వతంగా ఆపేయడం ఇంకొకటి. మొదటిదానికి గంట బొమ్మ మీద చుక్కల గీతల ఇంటూ, రెండోదానికి నిండు గీతల ఇంటూ. మొదటిది నొక్కితే రెండు నిమిషాలకో మూడు నిమిషాలకో చప్పుడు దానంతటదే తిరిగొస్తుంది. మనిషి మరిచిపోయినా యంత్రం మరిచిపోదు. రెండోది నొక్కితే యంత్రమూ మరిచిపోతుంది.

2010 జనవరిలో బోస్టన్‌లోని ఓ పెద్ద ఆసుపత్రిలో 89 ఏళ్ల రోగి గుండె నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయింది. మంచం దగ్గరి మానిటర్‌లో ముఖ్యమైన అలారం ఆపేసి ఉంది. నర్సుల డెస్కు దగ్గర హెచ్చరిక మోతలు వచ్చాయి. ఆ ఉదయం డ్యూటీలో ఉన్న పదిమంది నర్సుల్లో ఎవరికీ అవి విన్న గుర్తు లేదని విచారణలో తేలింది. పదిమందీ నిర్లక్ష్యంగా ఉన్నారనుకుంటే ప్రశ్న అక్కడితో ముగుస్తుంది. చెవి ఎందుకు పనిచేయలేదని అడిగితే అసలు లెక్కలు బయటికొస్తాయి.

శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బార్బరా డ్రూ బృందం 77 ఐసీయూ మంచాల మానిటర్లు 31 రోజుల పాటు పంపిన హెచ్చరికలన్నిటినీ నమోదు చేసింది. మొత్తం 25,58,760. అందులో చెవికి వినపడేలా మోగినవి 3,81,560. ఒక్కో మంచానికి రోజుకు 187 అని ఆ బృందం లెక్కగట్టింది. లయ తప్పిందంటూ వచ్చిన అలారాల్లో 12,671 తీసుకుని ఒక్కొక్కటిగా పరిశీలిస్తే 88.8 శాతం తప్పుడువని తేలింది. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి. గుడి పక్క ఇంట్లో ఉండేవాళ్లు ధనుర్మాసం మైకు మోతలోనే నిద్రపోవడం నేర్చుకుంటారు. వార్డులో పనిచేసే చెవికి జరిగేదీ అదే. దాన్ని అలారం అలసట అంటున్నారు. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకు అలారాలతో ముడిపడిన 98 ఘటనలు తమ దృష్టికి వచ్చాయని, అందులో 80 మంది చనిపోయారని అమెరికా ఆసుపత్రులకు గుర్తింపునిచ్చే జాయింట్ కమిషన్ 2013లో హెచ్చరించింది.

ఇక్కడే ఆపే మీటకున్న చిక్కు కనిపిస్తుంది. రోగి దగ్గరికెళ్లి చూసి, ఊడిన ఎలక్ట్రోడు అతికించి నొక్కినా అది ఒకటే నొక్కుడు. తల తిప్పకుండా చెయ్యి చాచి నొక్కినా అది ఒకటే నొక్కుడు. యంత్రానికి ఈ రెంటికీ తేడా తెలియదు. అందుకే మంచం దగ్గరి అలారాన్ని నర్సుల డెస్కు నుంచి ఆపనివ్వాలా వద్దా అన్నది ఆసుపత్రి తేల్చుకోవలసిన విషయంగా కొన్ని వ్యవస్థలు వదిలిపెట్టాయి. ఆపనిస్తే డెస్కు దగ్గరి మనిషికి నడక తగ్గుతుంది. ఆపనివ్వకపోతే ఆ నడకే రోగిని ఒకసారి చూసి రావడమవుతుంది.

నేర్పే మీట

ఆపే మీట గురించి కనీసం చర్చ జరిగింది. దానికంటే లోతైన ప్రమాదం దాగిన మీట ఇంకొకటుంది. దాని మీద 'మళ్లీ నేర్చుకో' అని ఉంటుంది.

మానిటర్‌కు గుండె గురించి పుట్టుకతో ఏమీ తెలియదు. ఎలక్ట్రోడ్లు అతికించగానే మొదట వచ్చే కొన్ని కొట్టుకోళ్ల ఆకారాన్ని గమనించి, 'ఈ మనిషికి మామూలు అంటే ఇది' అని ఒక అచ్చు గుర్తుపెట్టుకుంటుంది. ఆ తర్వాత వచ్చే ప్రతి కొట్టుకోడాన్నీ ఆ అచ్చుతో పోలుస్తుంది. కుదిరితే సరే. వెడల్పుగా, వంకరగా, ముందుగా వస్తే అది జఠరిక నుంచి పుట్టిన అపలయ అని గుర్తిస్తుంది. రోగి పక్కకు తిరిగినా, ఎలక్ట్రోడు చోటు మారినా ఆకారం మారిపోతుంది. అప్పుడు మామూలు కొట్టుకోడమే యంత్రానికి వింతగా కనిపించి అలారం మొదలవుతుంది. అలాంటప్పుడు నర్సు 'మళ్లీ నేర్చుకో' నొక్కుతుంది. యంత్రం పాత అచ్చు చెరిపి కొత్తది దిద్దుకుంటుంది. చప్పుడు ఆగుతుంది. ఎంతో తెలివైన ఏర్పాటు.

అదే మీటను రోగి గుండె జఠరిక లయలో పరుగెడుతున్నప్పుడు నొక్కితే? యంత్రం ఆ ప్రమాదకరమైన ఆకారాన్నే మామూలుగా నేర్చుకుంటుంది. తర్వాత వచ్చే జఠరిక అతివేగం దానికి మామూలుగానే కనిపించవచ్చు, అలారం మోగకపోవచ్చు. మానిటర్ల వాడుక పుస్తకాల్లో ఈ హెచ్చరిక స్పష్టంగా రాసి ఉంటుంది. ఆపే మీట చెవినే మూస్తుంది, అదీ మామూలుగా కాసేపే. నేర్పే మీట యంత్రం తెలివినే మార్చేస్తుంది, మళ్లీ ఎవరో నేర్పేదాకా. పేస్‌మేకర్ ఉన్న రోగికి 'పేస్‌మేకర్ ఉంది' అన్న గుర్తు పెట్టకపోయినా ఇలాంటి ఇరకాటమే. గుండె ఆగిపోయాక కూడా పేస్‌మేకర్ పంపే విద్యుత్ ములుకుల్ని యంత్రం గుండె చప్పుళ్లుగా లెక్కపెట్టే వీలుంది.

అందుకే మంచి రూపకర్తలు ఇలాంటి మీటల్ని వేలికి దూరంగా, ఈసీజీ పేజీ లోపల పెడతారు. రోజుకు ఎన్నిసార్లు అవసరపడుతుందన్న లెక్క ఒక్కటే చూస్తే ఈ మీట ముందు వరుసలో ఉండాల్సింది. తప్పు నొక్కితే జరిగే నష్టం ఎంత, ఆ నష్టం ఎంతసేపటికి బయటపడుతుంది అన్న లెక్కలు కూడా చూస్తే వెనక వరుసలోకి పోతుంది.

యంత్రానికి నేర్పడంలో మనిషి అక్షరాలు వాడిన చరిత్ర ఇంకొకటుంది. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి, ఎంఐటీ కలిసి 1980లో ఈసీజీ రికార్డుల భండారం ఒకటి విడుదల చేశాయి. 47 మంది నుంచి తీసిన 48 రికార్డులు, ఒక్కోటి అరగంట, మొత్తం లక్షకు పైగా గుండె కొట్టుకోళ్లు. ఒక్కో అరగంటా సుమారు 45 మీటర్ల కాగితపు చుట్ట అయింది. ఇద్దరు వైద్యులు విడివిడిగా ఆ చుట్టలు చూసి ప్రతి కొట్టుకోడానికీ గుర్తు పెట్టారు. మామూలుదానికి ఎన్, జఠరిక నుంచి ముందుగా వచ్చినదానికి వీ, కర్ణిక నుంచి ముందుగా వచ్చినదానికి ఏ. అభిప్రాయం కలవనిచోట చర్చించి తేల్చారు. మానిటర్లలోని లయ గుర్తింపు పద్ధతుల్ని దశాబ్దాలుగా ఈ భండారం మీదే పరీక్షిస్తున్నారు. ఇరవైనాలుగు గంటల పాటు గుండె గీతను నమోదు చేసే హోల్టర్ యంత్రపు రికార్డును సరిచూసే టెక్నీషియన్ కూడా ఇవాళ్టికీ అదే పని చేస్తాడు. యంత్రం తప్పుగా చదివిన కొట్టుకోడాన్ని ఎంచుకుని, ఒక్క మీట నొక్కి పేరు మారుస్తాడు. ఒక రోజుకు సుమారు లక్ష కొట్టుకోళ్లు కాబట్టి అతని కీబోర్డులో అక్షరాలు అక్షరాలుగా మిగలవు, రోగనిర్ణయాలవుతాయి.

క్యాథ్‌ల్యాబ్‌లో ఒక్క క్షణం

వార్డులో కీబోర్డు అలారాలతో సతమతమవుతుంటే, క్యాథ్‌ల్యాబ్‌లో దాని పని వేరు. అక్కడ డాక్టరు గొట్టాన్ని రక్తనాళం గుండా గుండెలోకి పంపుతాడు. అద్దం అవతలి గదిలో టెక్నీషియన్ ఆ గొట్టం కొసన ఉన్న పీడనాన్ని నమోదు చేస్తాడు. అతని ముందున్న మీటలకు గుండెలోని చోట్ల పేర్లే ఉండవచ్చు: ఎడమ జఠరిక, మహాధమని, పుపుస ధమని. పీడనపు కొలబద్దను 50, 100, 200 పాదరస మిల్లీమీటర్లకు మార్చే మీటలు, 'నమోదు చేయి' అన్న మీట.

మహాధమని కవాటం ఇరుకైన రోగిని ఊహించండి. గొట్టం కొస ఎడమ జఠరికలో ఉన్నప్పుడు పై పీడనం 180 చూపిందనుకుందాం. డాక్టరు 'లాగుతున్నా' అని గొట్టాన్ని వెనక్కి జరుపుతాడు. కొస కవాటం దాటి మహాధమనిలోకి రాగానే గీత 120కి పడుతుంది. ఆ 60 తేడాయే కవాటం ఎంత బిగుసుకుందో చెబుతుంది. ఆపరేషను కావాలా వద్దా అన్న నిర్ణయానికి అదో ఆధారం. ఆ దాటడం కొన్ని గుండె కొట్టుకోళ్ల వ్యవధి మాత్రమే. నమోదు మీట అప్పటికే నొక్కి ఉండాలి, కొలబద్ద అప్పటికే 200 మీద ఉండాలి. కొలబద్ద 100 మీద ఉంటే గీత కొస తెర పైకి పోయి కనపడదు. డాక్టరు గొట్టాన్ని మళ్లీ లోపలికి పంపాలి, రోగి మళ్లీ భరించాలి. ఇక్కడ సొంత మీట ఉండటం వల్ల దక్కే లాభం కళ్లముందే ఉంటుంది. తప్పు నొక్కితే వెంటనే తెలుస్తుంది, వెంటనే దిద్దుకోవచ్చు. అందుకే ఇక్కడ మీటలు ఎన్ని ఉన్నా నష్టం లేదు.

కడగగలిగిన కీబోర్డు

ఆసుపత్రి కీబోర్డుకు మరో బాధ్యత కూడా ఉంది. చేతొడుగులున్న చేతులు, లేని చేతులు, ఇప్పుడే ఓ గాయం కట్టి వచ్చిన చేతులు అన్నీ దాని మీదే పడతాయి. నార్త్ కరోలినాలో విలియం రుటాలా బృందం 25 కీబోర్డులు పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ప్రతి ఒక్కదాని మీదా సూక్ష్మక్రిములు దొరికాయి. మంచి కబురేమంటే, క్రిమిసంహారక ద్రవంతో తుడిస్తే అవి చాలావరకు పోయాయి, మూడొందల సార్లు తుడిచినా మీటల మీది అక్షరాలు చెదరలేదు.

కానీ మామూలు కీబోర్డులో మీటల మధ్య సందుల్లోకి గుడ్డ వెళ్లదు. అందుకని పైన సిలికాన్ పొర కప్పిన కీబోర్డులు, మొత్తం ఒకే పలకగా ఉండే మెంబ్రేన్ కీబోర్డులు వచ్చాయి. మెంబ్రేన్‌లో రెండు పాలిస్టర్ పొరల మధ్య ఎడం ఉంటుంది. పొరల లోపలి వైపు వెండి సిరాతో గీసిన దారులుంటాయి. నొక్కితే పై దారి కింది దారిని తాకుతుంది. ఐపీ 65 అని రాసి ఉంటే దుమ్ము చొరబడదని, నీటి ధార పడినా తట్టుకుంటుందని అర్థం. ఐపీ 68 అయితే నీళ్లలో ముంచి కడగవచ్చు. తుడిచేటప్పుడు పొరపాటున ఏ మీటా పనిచేయకుండా తాళం వేసే మీట కూడా కొన్నిటికి ఉంటుంది. రోగి పేరు మీద తుడుపుగుడ్డ రాసే అర్థంలేని అక్షరాలను, అడక్కుండా ఆగిపోయే అలారాలను అది తప్పిస్తుంది.

ఇందులో చెల్లించే మూల్యం ఉంది. చదునుగా ఉన్న పలక మీద వేలికి దారి తెలియదు, నొక్కుడు పడిందో లేదో తెలియదు. అందుకే మంచి మెంబ్రేన్ పలకల్లో మీట కింద చిన్న లోహపు బొడిపె పెడతారు. అది చిటుక్కున లోపలికి పోయి తిరిగి లేస్తుంది. టచ్ తెరలో ఆ మాత్రం జవాబు కూడా రాదు. తెరలన్నీ టచ్‌కు మారినా చాలా మానిటర్ల అంచున అలారం ఆపే బటన్ మాత్రం గట్టి బటన్‌గానే మిగలడానికి కారణాల్లో ఇదొకటి.

నొక్కుడు లెక్క

బోస్టన్ మెడికల్ సెంటర్‌లో ఒక గుండె వార్డు చేసిన ప్రయోగం ఈ కథకు కావలసిన ముగింపు చెబుతుంది. అక్కడివాళ్లు కొత్త కీబోర్డు కొనలేదు. ఏ అలారం ఎప్పుడు మోగాలన్న హద్దుల్ని కూర్చుని తిరగరాశారు. ఎవరూ ఏమీ చేయనక్కరలేని చిన్న హెచ్చరికల చప్పుడు తీసేశారు. నిజంగా లేచి వెళ్లాల్సినవాటిని పెద్ద అలారాలుగా మార్చారు. రోగికి తగ్గట్టు హద్దులు మార్చే అధికారం నర్సులకిచ్చారు. వారానికి 87,823 మోగే అలారాలు 9,967కు దిగాయి, అంటే 89 శాతం తగ్గాయి. 2014లో ఈ ఫలితాలు అచ్చయ్యాయి.

అంటే ఆపే మీట మీద పడే దెబ్బల్లో చాలావాటికి మూలం నర్సు వేలిలో లేదు, ఆ మీటకు చాలా దూరంలో ఎప్పుడో ఎవరో నిర్ణయించిన హద్దుల్లో ఉంది. ఈ మాట రుజువు చేయడానికి కావలసిన సాక్ష్యం యంత్రంలోనే ఉంటుంది. ఆధునిక వ్యవస్థలు చాలావరకు ఏ అలారం ఎప్పుడు మోగిందో, ఎప్పుడు ఆపారో నిమిషంతో సహా రాసిపెట్టుకుంటాయి. ఆ చిట్టాను సిబ్బంది తప్పులు వెతకడానికి తీయవచ్చు. అంతకంటే ఉపయోగకరమైన ప్రశ్న అడగడానికీ తీయవచ్చు: ఏ అలారాన్ని చూడగానే ఎవరూ లేవకుండా ఆపేస్తున్నారు? పదే పదే జవాబుగా వచ్చే అలారం హద్దు మార్చాలి, లేదా ఆ రోగి ఎలక్ట్రోడు మార్చాలి. మానిటర్లు కొనే ఆసుపత్రి తెర ఎన్ని అంగుళాలని అడిగేముందు, ఆ చిట్టాను తమ నర్సులే తీసి చదువుకోగలరా అని అడగడం మంచిది.